మూడో కప్పు

లాండ్రీ రూమ్‌లో బట్టలు మడతపెడుతుంటే యోహన్నెస్ ఫోన్ చేశాడు. నా రూమ్మేట్ సెలామ్‌కి అన్న వరస.

“భవితా, సెలామ్ వాళ్లమ్మ పోయింది. నిన్న రాత్రి, గోందర్‌లో. తనకి మాత్రం చెప్పకు. అట్లాంటాలో ఉన్న మావాళ్లందరం రేపు పొద్దున్నే వస్తాం.”

“రేపటిదాకానా?”

“మా ఇథియోపియాలో చావు కబురు ఒంటరిగా ఉన్న మనిషికి చెప్పం. పట్టుకోవడానికి పదిమంది ఉండాలి. ఈ పూట నువ్వు మామూలుగా ఉండు, చాలు.”

బుట్టతో పైకి వెళ్లేసరికి ఇల్లంతా పొగ. ఆదివారం కదా, సెలామ్ పెనం మీద పచ్చి కాఫీ గింజలు వేయిస్తోంది. పెనం నా ముఖం దగ్గరికి తెచ్చింది. వాసన పీల్చి బాగుందనడం అతిథి మర్యాద. పీల్చాను.

“పాలు అడిగావో, కొడతా! పాలు పోస్తే అది కాఫీ కాదు, పసిపిల్లల మందు.”

ప్రతివారం అనే మాటే. ప్రతివారంలాగే నవ్వాను.

శుక్రవారం ఆమె ప్రయాణం. జబ్బుపడిన తల్లిని నాలుగేళ్ల తర్వాత చూడబోతోంది. సోఫా మీద తెరిచి ఉన్న సూట్‌కేస్‌లోంచి తల్లికి కొన్న మెత్తటి చెప్పులు తీసింది.

“వేసుకో. మా అమ్మ పాదం నీ పాదమంతే. నడువు. ఎక్కడైనా నొక్కుతోందా?”

కిటికీ దాకా నడిచి వచ్చాను. “లేదు. బాగున్నాయి.”

మట్టికూజాలోంచి మొదటి కప్పు పోసింది, తర్వాత రెండోది. అసైన్‌మెంట్ ఉందని లేవబోయాను. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“మూడోది తాగకుండా లేస్తారా ఎవరైనా? దీవెన ఉండేది అందులోనే. ఇది మా అమ్మ ఆరోగ్యానికి.”

తాగాను.

తెల్లవారుతుండగా తలుపు చప్పుడైంది. సెలామే తీసింది. మెట్ల నిండా మనుషులు. యోహన్నెస్ వెనక ఆడవాళ్లు తెల్ల శాలువలు కప్పుకున్నారు. పండుగలకు కిందికి వేలాడే రంగుల అంచు ఇవాళ వాళ్ల మెడల చుట్టూ ఉంది. ఎవరూ నోరు విప్పకముందే, ఆ అంచులు చూసి సెలామ్ కుప్పకూలింది. నేల తాకకుండా ఎన్ని చేతులు పట్టుకున్నాయో.

ఏడుపులు కాస్త తగ్గాక నావైపు చూసింది.

“నీకు తెలుసా?”

తలూపాను.

“కాఫీకి ముందే?”

“ముందే.”

వంటగదిలో ఎవరో పెద్దావిడ పెనం పొయ్యి మీద పెట్టింది. సెలామ్ ఆ మెత్తటి చెప్పులు తెప్పించుకుని నా కాళ్ల దగ్గర పెట్టింది.

“ఇంకొక్కసారి నడువు.”

కూర్చున్నవాళ్లు జరిగి దారి ఇచ్చారు. కిటికీ దాకా వెళ్లి, మెల్లగా ఆమె దగ్గరికి వచ్చాను.