సంచీ దగ్గర మనిషి

"నువ్వెలాగూ కూర్చునేగా ఉంటావు, ఇది కూడా చూస్తుండు," అంటూ భర్త చేతి గడియారం విప్పి ఆమె ఒళ్ళో పడేసి టెన్నిస్ కోర్టులోకి వెళ్ళిపోయాడు. ప్రతి ఆదివారం పార్కులో ఆమెకు జరిగే పట్టాభిషేకం అది. సంచీలో అప్పటికే ఇంటి తాళాలు, కారు తాళం, ఆయన తువ్వాలు, స్కేటింగుకు వెళ్ళిన కూతురి చెప్పులు, అత్తగారి కళ్ళజోడు, వాళ్ళ ఫోన్లూ, అందరి మంచినీళ్ళూ ఉన్నాయి. తాతల కాలం నాటి పెద్ద పార్కు. ఈతకొలను, రంగులరాట్నం, బ్యాండు మండపం, పడవల చెరువు... ఎవరి సరదా వాళ్ళకుంది. ఆమెకు బెంచీ ఉంది.

బెంచీకి ఎదురుగానే చెరువు. కాలేజీ రోజుల్లో పడవల పోటీల్లో తెడ్లు వేసిన చేతులు ఆమెవి. అరచేతులు కాయలు కాసి ఉండేవి. పెళ్ళి కుదిరినప్పుడు అత్తగారు వాటిని తడిమి చూసి, "పరవాలేదు, ఇంటిపని అలవాటున్న పిల్లే," అని సంబరపడ్డారు. పడవెక్కుతానని ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట: "వచ్చే వారం చూద్దాంలే." ఆ వచ్చే వారం ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది. ఇవాళ మాత్రం గట్టున బోర్డు పెట్టారు. పూడిక తీయడానికి రేపటి నుంచి పడవలు ఆపేస్తారట, మళ్ళీ ఎప్పుడో చెప్పలేరట. పొద్దున్నే ఆయనకు చూపించింది.

"పడవెక్కకపోతే ప్రాణం పోతుందా ఏం?" అన్నాడు.

పోదు. అంత సులువుగా పోయేదైతే ఈపాటికి చాలాసార్లు పోయుండేది.

నడకదారిలో ఒక చుట్టు ముగించి అత్తగారు వచ్చారు. నీళ్ళు తాగి, సీసా మూత కూడా పెట్టకుండా చేతికిచ్చి, "సంచీ జాగ్రత్త, ఎటూ కదలకు," అని రెండో చుట్టుకు వెళ్ళారు. ఆ తెల్ల టోపీ మలుపు తిరిగిందో లేదో ఆమె లేచింది. సంచీ భుజాన వేసుకుని గట్టు మీద పడవలిచ్చే బల్ల వైపు నడిచింది. దొంగతనానికి వెళ్తున్నట్టు ఈ భయమేమిటని తన మీద తనకే కోపం వచ్చింది.

"ఒక్కరేనా అమ్మా?" అన్నాడు పడవలాయన. "ఏదైనా వస్తువు నా దగ్గర పెట్టి వెళ్ళండి. పడవ తిరిగొచ్చాక ఇచ్చేస్తా."

ఆమె చెప్పులు విప్పబోయింది.

"చెప్పులొద్దు తల్లీ! పాతవి ఇక్కడ వదిలేసి, పడవ అవతలి గట్టున వదిలేసి పోతున్నారు మహానుభావులు. మళ్ళీ వెనక్కి రావాలనిపించే వస్తువు పెట్టండి."

సంచీలో చేయి పెట్టి వెతికింది. గడియారం ఆయనది. కళ్ళజోడు అత్తగారిది. చెప్పులు కూతురివి. తాళాలు ఇంటివి. ఫోన్లు వాళ్ళవి, తనది ఇంట్లోనే మర్చిపోయింది. తనదంటూ దొరికింది ఒక్క చేతిరుమాలు, అదీ కూతురి ముక్కు తుడిచి మడతపెట్టినది. ఆమెకు ఏడుపొచ్చింది, ఒళ్ళూ మండింది. కోర్టులో చప్పట్లు వినపడ్డాయి, ఆట అయిపోవచ్చినట్టుంది. చెట్ల మధ్య తెల్ల టోపీ మళ్ళీ కనిపించింది.

ఆమె సంచీకి సంచీనే బల్ల మీద పెట్టేసింది.

"ఇంకెవరడిగినా ఇవ్వకండి."

"ఎలా ఇస్తానమ్మా? పడవెక్కినవాళ్ళకే వస్తువు. ఇక్కడి పద్ధతే అది."

మొదట పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరిగింది. భుజాలు పీకాయి. నాలుగు తెడ్లు పడ్డాక నడుము, మోకాళ్ళు, మణికట్టు ఒకదాన్నొకటి గుర్తుపట్టాయి. పడవ సాగింది. తెడ్లు వేసేవాళ్ళు వెళ్ళే వైపు కాక వదిలొచ్చిన గట్టు వైపు తిరిగి కూర్చుంటారు గనుక, ఆమెకు అంతా కనిపిస్తూనే ఉంది. చెమటలు కారుతూ ఆయన ఖాళీ బెంచీ చుట్టూ తిరిగాడు. కళ్ళు చికిలిస్తూ అత్తగారు బల్ల మీది సంచీని గుర్తుపట్టారు. పడవలాయన సంచీ మీద చేయి వేసి అడ్డంగా తల ఊపాడు. భర్త గట్టు అంచుకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్! తాళాలు కావాలి! ఏం చేస్తున్నావక్కడ?"

అలవాటున చేతులు పడవను వెనక్కి తిప్పబోయాయి. ఆపింది.

"కూర్చునేగా ఉన్నానండీ!" అని గట్టిగా కేకేసి, రెండు తెడ్లూ కలిపి బలంగా లాగింది.