గుమ్మం నుంచి గుమ్మానికి

శివనాగరాజు కొబ్బరికాయను రెండు చేతులతో ఎత్తి, నేలలో పాతిన గునపం మొన మీదికి దించి ఒక పక్కకు మెలితిప్పాడు. పీచు డొక్క విడింది. ఇంకో రెండు తిప్పులకు కాయ బయటపడింది. దాన్ని రాశి మీదికి విసిరి చొక్కా జేబు తడుముకున్నాడు. ఫోను ఉంది. దాని వెనక మాత్రల అట్ట ఉంది.

పలివెల దాటాక కాలవ పక్కనున్న ఆ తోటలో ఇరవై ఆరేళ్ళుగా అతను కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. మణికట్ల నిండా పీచు గీసిన చారలు. రాశి పూర్తయ్యేదాకా నడుం ఎత్తడని పేరు. తొమ్మిది రోజులుగా మాత్రం యాభై కాయలకోసారి ఆగి జేబు తడుముకుంటున్నాడు.

కూతురు లక్ష్మీతులసికి పదహారేళ్ళు, ఇంటర్ బైపీసీ. ముందు కాలేజీకి బయల్దేరితే గుండెదడ, చెమటలు. తరవాత తిండి తగ్గింది, మాటా తగ్గింది. అమలాపురంలో డాక్టరుగారు ఆందోళన, డిప్రెషన్ అని చెప్పి మందు రాశారు. గుణం కనపడడానికి కొన్ని వారాలు పడుతుందనీ, మొదట్లో స్థిమితంగా ఉండలేకపోవచ్చనీ, మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని పిల్లను కనిపెట్టి ఉండమనీ చెప్పారు. తల్లి సత్యదుర్గ కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తోంది. కనిపెట్టాల్సింది అతనొక్కడే.

ఇవాళ పొద్దున్న మాత్ర అందుకుంటుంటే తులసి చెయ్యి వణికింది.

"ఆ బిళ్ళలు మానిపించెయ్ నాగరాజూ," అన్నాడు మేస్త్రీ రాఘవులు. "చిన్నపిల్ల. బుర్ర మొద్దుబారిపోద్ది."

"జ్వరానికైతే మానమంటారా అండి?"

రాఘవులు రాశి అవతలికి వెళ్ళిపోయాడు. తరవాతి కాయ మొన మీద జారి మణికట్టు గీరుకుంది. శివనాగరాజు తువ్వాలు దులుపుకుని సైకిలెక్కాడు. ఈ తొమ్మిది రోజుల్లో పదకొండు కాకుండానే ఇంటికి వెళ్ళడం ఇది రెండోసారి.

తులసి వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మానికి నడుస్తోంది. మళ్ళీ వెనక్కి.

"కూర్చోలేకపోతున్నాను నాన్నా. ఒంట్లో ఏదో తరుముతున్నట్టుంది."

అతను చెప్పులు విడిచి ఆమె పక్కనే నడవడం మొదలుపెట్టాడు. పదిసార్లో, ఇరవైసార్లో. ఒకేచోట నిలబడడం అలవాటైన కాళ్ళు ఆమె వేగం అందుకోలేక తడబడ్డాయి.

పెరటి గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"రాత్రి చచ్చిపోతే బాగుండనిపించింది," అంది గోడ వంక చూస్తూ.

అతను వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడూ అనిపిస్తోందా అమ్మా?"

"కొంచెం."

"చెప్పేవు కదా. మంచిపని చేసేవు. నేనెక్కడికీ వెళ్ళను."

డాక్టరుగారికి ఫోను చేస్తే వెంటనే తీసుకురమ్మన్నారు. "ఆయ్, అలాగేనండి," అన్నాడు. తరవాత రాఘవులుకు చేశాడు.

"రాశి సగంలో ఉందండి. ఇవాళ ఇంక రాలేను."

"ఆటో పంపుతున్నాను. ముందు పిల్లని చూడు."

అమలాపురం ఆసుపత్రిలో డాక్టరుగారు తులసితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడారు. మందు మోతాదు సగం చేశారు. మీ అంతట మీరు మానొద్దనీ, ఒక్క పూటైనా ఒంటరిగా ఉంచొద్దనీ, మూడో రోజుకు మళ్ళీ చూపించమనీ అన్నారు.

శివనాగరాజు అక్క గంగాదేవి ఇల్లు ఆ ఆసుపత్రికి దగ్గరే. "నా దగ్గర ఉంచరా. పగలంతా ఇంట్లోనేగా ఉంటాను," అంది. మాత్రలు ఆమె చేతికిచ్చి, పెట్టెలో పెట్టి తాళం వెయ్యమని రెండుసార్లు చెప్పాడు.

తులసి అత్తతో కలిసి వీధి మలుపు దాకా వచ్చింది.

"మళ్ళీ ఎప్పుడొస్తావు నాన్నా?"

"రేపు."

బస్సు వస్తే ఎక్కాడు. ఆమె చెయ్యి ఊపలేదు, కానీ బస్సు తిరిగేదాకా నిలబడే ఉంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. దీపం వేసి, రేపు తీసుకెళ్ళడానికి తులసి బట్టలు సర్దుదామని మంచం దగ్గరికి వెళ్ళాడు. దుప్పటి కింద బోటనీ రికార్డు పుస్తకం తెరిచి ఉంది. పేజీలో సగం గీసిన మందార పువ్వు, రెండు రేకులు, కిందకి వంకరపోయిన కాడ. పైన కుడిమూల, వణికిన అక్షరాలతో, ఇవాళ్టి తేదీ.