గంగాళం కింద దీపావళి

నేను ఒక గంగాళాన్ని. ఇత్తడి గంగాళాన్ని, నిలబెడితే మనిషి మోకాలు దాటేంత ఎత్తు. నన్ను తయారుచేసిన కంచరి రేకును కాల్చి, సుత్తితో కొట్టి, మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టి నాకీ పొట్ట తెప్పించాడు. ఒళ్ళంతా తడిమి చూస్తే ఆ దెబ్బలు ఇప్పటికీ తెలుస్తాయి. దాన్ని మనుషులు పనితనం అంటారు. కొట్టించుకున్నవాళ్ళని మాత్రం ఎవరూ అడగరు.

సీతారత్నం పెళ్ళి సారెతో పాలకొల్లు వచ్చాను. లారీలోంచి కొత్తకోడలి కంటే ముందు నన్నే దింపారు. వీధిలో ఆడవాళ్ళు ఆమె మొహం ఓ చూపు చూసి వదిలేశారు గానీ, నా అంచు మందం ఎంతుందో మాత్రం వంగి మరీ చూశారు. ఆ తర్వాత నాలో నీళ్ళు పట్టారు, పెళ్ళిళ్ళకు పులిహోర కలిపారు, సీతారత్నం కొడుకు రాయుడికి చిన్నప్పుడు నాలోనే స్నానం పోశారు. మేడమీద ట్యాంకు, గోడకి గీజరూ వచ్చాక నన్ను అటకెక్కించారు. పండగలకు మాత్రం దింపుతారు. పండగపూట గీజరు నీళ్ళు పోసుకుంటే తలంటు తలంటులా ఉండదని సీతారత్నం అంటుంది. ఆ మాట అన్నందుకు ఆమె అంటే నాకు వల్లమాలిన అభిమానం.

ఈ ఏడు అటక దిగేసరికి ఇంట్లో కొత్త మనిషి కనిపించింది. మనిషి అంటే కుక్కపిల్ల. చేపల చెరువు దగ్గర కాపలా కుక్కకి పుట్టిందట. రాయుడు స్కూటరు ముందు సంచీలో వేసుకుని కూతురు లాస్య కోసం తెచ్చాడు. రంగు చూసి లాస్య దానికి సున్నుండ అని పేరు పెట్టింది. తల్లి అంత చెరువుని కాపు కాస్తుంటే, ఈ మహాతల్లి పోపులో ఆవాలు చిటపటమన్నా మంచం కింద దూరేది. నరకచతుర్దశి నాడు నాలో వేడినీళ్ళు తోడి అందరికీ తలంట్లు పోశారు. సున్నుండ స్నానాల పీట ఎక్కి నా అంచు మీద కాళ్ళు పెట్టి లోపలికి తొంగిచూసి, నీళ్ళలో తన మొహమే చూసుకుని భయపడి పారిపోయింది. నేను లోలోపల ఎంత నవ్వుకున్నానో.

సీతారత్నానికి మాత్రం అది గిట్టేది కాదు. కడిగిన గచ్చు మీద అడుగులు వేస్తోందని, ముగ్గు తొక్కుతోందని రోజంతా సణిగేది. దీపావళి పొద్దున్న అది పూజ పీట మీద ఆరేసిన ఒత్తులు నోట కరుచుకుపోయేసరికి ఆమె సహనం అయిపోయింది. ఈ కుక్క ఇంట్లో ఉంటే పండగ పండగలా ఉండదు, ఎక్కణ్ణించి తెచ్చావో అక్కడే వదిలెయ్యి అని కొడుక్కి గట్టిగా చెప్పింది. ఆ మాట లాస్య వింది.

మధ్యాహ్నం సీతారత్నం నన్ను చింతపండుతో తోమి, పెరట్లో నాపరాళ్ళ మీద పక్కకి వాల్చి ఆరబెట్టింది. సాయంత్రం కాకముందే వీధిలో పిల్లలు టపాకాయలు మొదలెట్టారు. మొదటి మోతకే సున్నుండ ఒక్క పరుగున వచ్చి నా కడుపులోకి దూరిపోయింది. ఎంత వణికిందంటే, దాని వణుకు నా అంచుదాకా తెలిసింది. దాక్కోవడానికి అది నన్ను ఎంచుకుందని నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. దీపాలు పెట్టే వేళకి ఖాళీ గిన్నె నోరు తెరుచుకుని ఉండకూడదని సీతారత్నం నియమం. పట్టుచీర కట్టుకుని హడావిడిగా వచ్చి, లోపలికి చూడకుండా నన్ను ఎత్తి అలవాటుగా బోర్లించేసింది. వయసు మీదపడితే అన్నీ బరువే అని నడుం పట్టుకుని వెళ్ళిపోయింది. పాపం, ఆ బరువు వయసుది కాదు. రాళ్ళ సందుల్లోంచి గాలి వస్తోంది కాబట్టి సున్నుండ ప్రాణానికి భయం లేదు. కానీ అది ఎక్కడుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నాకేమో నోరు లేదు.

దీపాలు వెలిగించాక కుక్కపిల్ల కనబడడం లేదని తెలిసింది. ఇల్లంతా వెతికారు. రాయుడు స్కూటరేసుకుని కాలవగట్టుదాకా వెళ్ళాడు. లాస్య వీధి పొడుగునా సున్నుండా, సున్నుండా అని పిలుచుకుంటూ తిరిగి, చివరికి పెరట్లోకి వచ్చి నా వీపు మీదే కూలబడి ఏడ్చింది. పైన ఆ పిల్ల, కింద ఈ పిల్ల, మధ్యలో రేకంత నేను. కింద ఉన్నది భయంతో బిగుసుకుపోయి కుయ్యిమంటోంది గానీ, వీధిలో టపాకాయల లడీల మోతకి ఆ గొంతు ఎక్కడ వినబడుతుంది?

సీతారత్నం వచ్చి మనవరాలి తల నిమరబోయింది. లాస్య తల పక్కకి లాక్కుంది.

"నాయనమ్మా, నువ్వే తోలేశావా?"

ఆమె చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. లేదే అమ్మడూ అంది. లాస్య నమ్మలేదు. పొద్దున్న అన్న మాట ఇద్దరికీ గుర్తుంది మరి. ఆ ముసలావిడ మొహం చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది. గంగాళానికి గుండె ఎక్కడిదని అడక్కండి.

రాయుడు అప్పుడే తిరిగొచ్చాడు. ఆ వీధిలో దీపావళి అంటే అతనే. నెలముందు నుంచీ మందు దంచి, ఎండబెట్టి ఇంట్లోనే చిచ్చుబుడ్లు కూరుతాడు. ఆ చిచ్చుబుడ్లు చూడడానికి పక్క వీధుల వాళ్ళూ వస్తారు. సీతారత్నం కొడుకుని దగ్గరికి పిలిచింది. ఇంటింటికీ వెళ్ళి కాసేపు ఎవర్నీ ఏమీ కాల్చొద్దని చెప్పమంది. పండగపూట జనాన్ని ఆపడమేమిటమ్మా, నవ్వుతారు అని అతను నసిగాడు.

"ఇందాకట్నించీ మనవే దాన్ని పిలుస్తున్నాంరా. అది పిలిస్తే మనకి వినపడొద్దా?"

రాయుడు వీధిలోకి వెళ్ళాడు. చెప్పగా చెప్పగా ఒక్కొక్క ఇంటి ముందూ మోత సద్దుమణిగింది. చివరి లడీ ఆరిపోయింది. దీపావళి సాయంత్రం అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెన్నడూ ఎరగను. మొదట గోళ్ళతో గీరిన చప్పుడు వచ్చింది. తర్వాత సున్నుండ బలమంతా కూడదీసుకుని ఒక్క అరుపు అరిచింది. నా ఒళ్ళంతా మోగింది.

సీతారత్నం నెత్తిన చెయ్యి పెట్టుకుంది. గబగబా వచ్చి, లాస్య సాయంతో నన్ను పైకెత్తింది. సున్నుండ బయటికి దూకి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక, అందరికంటే దగ్గరగా ఉన్న పట్టుచీర కుచ్చిళ్ళలో తల దూర్చేసింది.

"నేనే మూసేశానే అమ్మడూ. చూసుకోలేదు."

లాస్య కళ్ళు తుడుచుకుంది. వెళ్ళి నాయనమ్మకి ఆనుకుని నిలబడింది. సీతారత్నం నాపరాయి మీద చతికిలబడి, తడి అడుగులూ మట్టీ పట్టుచీరకి అంటుకుంటున్నా పట్టించుకోకుండా ఆ కుక్కపిల్లని ఒళ్ళోకి తీసుకుంది. దాని వీపు నిమిరింది. నిమురుతూ ఉంటే వణుకు మెల్లగా తగ్గింది, కళ్ళు మూతపడ్డాయి.

వీధిలో జనం ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. చేతుల్లో అగ్గిపెట్టెలూ, కాకరపువ్వొత్తులూ, అరుగుల మీద అంటించని చిచ్చుబుడ్లూ. రాయుడు పెరటి గుమ్మంలోకి వచ్చి, ఇక కాల్చుకోమని చెప్పనా అమ్మా అని అడిగాడు.

సీతారత్నం వేలు పెదాల మీద పెట్టుకుంది.

"కాసేపు ఆగమను. ఇప్పుడే కునుకు పట్టింది."