కబురు లేకుండా పెరిగినవి

ఈ రక్త పరిశోధనశాలలో చేరి ఇరవై రెండేళ్లయింది. నా పనిని వేలెత్తి చూపినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ పొగరే నా కొంప ముంచింది.

ఒంట్లో ఎర్రకణాలు వాటి ఇష్టం వచ్చినట్టు పెరగకూడదు. అవసరమైనప్పుడు మూత్రపిండాలు ఒక చిన్న ప్రోటీన్‌ను కబురుగా పంపుతాయి. అది ఎముక మజ్జలోని మూలకణాలకు అందితే అవి రెండవుతాయి, నాలుగవుతాయి. కబురు ఆగితే అవీ ఆగాలి. కణానికి సొంత పెత్తనం పనికిరాదు. అందుకే ఒక్కొక్కరి రక్తంలో దొరికే మూలకణాలనూ జిగురు పోసిన రెండు డిష్‌లలో పెంచుతాం. ఒకదానిలో ఆ ప్రోటీన్ వేస్తాం, రెండోదానిలో వెయ్యం. పద్నాలుగు రోజుల తర్వాత చూస్తే రెండోది ఖాళీగా ఉండాలి.

రోగులతో పోల్చి చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం కావాలి. ఎవరూ దొరక్క మా చెల్లెల్ని లాక్కొచ్చాను. ఏడాదిగా దాని బుగ్గలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఇంటిల్లిపాదీ టమాటా అని ఏడిపిస్తున్నాం.

"స్నానం చేస్తే చాలు, ఒళ్లంతా దురదే అక్కా. తలనొప్పి సరేసరి," అంది నేను సూది గుచ్చుతుంటే.

"సబ్బు మార్చు. ప్రతిదానికీ రాగం తియ్యకు," అన్నాను.

రోగుల కాగితాల్లో రోజూ చదివే మాటలే అవి. ఇంటి మనిషి నోటి నుంచి వస్తే చెవికెక్కలేదు.

పద్నాలుగో రోజున దాని రెండో డిష్ నిండా ఎర్రటి గుత్తులు. నాకు భయం వెయ్యలేదు, ఒళ్లు మండింది.

"ఇందులో ప్రోటీన్ ఎవరు పోశారు?" అని నా కింద పనిచేసే అమ్మాయిని నిలదీశాను.

"ఆ సీసా నేను ముట్టుకోనేలేదు మేడమ్. మీరే తీశారు, మీరే మూత పెట్టారు."

"అయితే తప్పు నాదంటావా?"

ఆ అమ్మాయి తల దించుకుంది. "అసలు తప్పే జరగలేదేమో మేడమ్," అంది మెల్లగా.

నోటికొచ్చినట్టు తిట్టాను. డిష్‌ను చెత్తలో పారేసి, పుస్తకంలో 'పొరపాటు' అని రాసి, ఫ్రీజర్‌లో మిగిలిన కణాలతో మళ్లీ మొదలుపెట్టాను. పెద్ద డాక్టరుగారి చెవిన వెయ్యలేదు. ఈసారి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు.

పదో రోజు పొద్దున్నే చూస్తే రెండో డిష్ జిగురులో సన్నటి ఎరుపు. కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. ఇంకా నాలుగు రోజులుందిలే అని మూత పెట్టేశాను. దేవుడా, ఈసారి నా చెయ్యే తప్పు చేసుండాలి అని మొక్కుకున్నాను. నా జన్మలో అలా కోరుకోవడం అదే మొదలు.

పద్నాలుగో రోజుకి గుత్తులు మునుపటికన్నా ఎక్కువున్నాయి. పెద్ద డాక్టరుగారిని పిలిచాను. ఆయన రెండు డిష్‌లనూ మైక్రోస్కోపు కింద మార్చి మార్చి చూశారు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా చెల్లెలిది."

"కబురు లేకుండానే పెరిగిపోతున్నాయి. రక్తం చిక్కబడి ఎక్కడైనా గడ్డ కట్టొచ్చు. కంగారుపడకు, కొంచెం రక్తం తీసేసి మందులు వాడితే ఏళ్ల తరబడి నిక్షేపంగా ఉంటారు. ముందు తనని ఇప్పుడే రమ్మను. ఇవాళే కదా బయటపడింది?"

పుస్తకాన్ని ఆయన కంటపడకుండా మూసేశాను. చెల్లెలికి ఫోన్ చేశాను. మరిది ఎత్తాడు.

"నేనే చేద్దామనుకుంటున్నా వదినా. పొద్దున లేచిన దగ్గర్నుంచి తనకి కుడిచెయ్యి లేవట్లేదు, మాట ముద్దగా వస్తోంది. ఆసుపత్రిలో ఉన్నాం. పోయిన వారం కూడా ఒకసారి ఇలాగే అయి పావుగంటలో తగ్గిపోయింది. మీకు చెబుదామంటే తనే వద్దంది. అక్క దగ్గర నా రక్తం ఉందిగా, ఏమన్నా ఉంటే చెప్పకుండా ఊరుకుంటుందా అంది."

ఎవరో ఏదో అడుగుతున్నట్టు వినిపించింది. మరిది మళ్లీ ఫోన్‌లోకి వచ్చాడు.

"ఇక్కడ డాక్టరు అడుగుతున్నారు వదినా. మీ పరీక్షలో ఏమొచ్చింది, ఎప్పుడొచ్చింది అని."