చాలన్నా వినని చెయ్యి

వానలు పడి, ఎడారి ఊరు కీఫా చుట్టుపక్కల ఒంటెలు పాలతో పొంగినప్పుడల్లా తెక్బర్ గుడారానికి ఆడపిల్లలు వచ్చేవాళ్ళు. ఆ సీమలో ఆడదానికి బొద్దైన ఒళ్ళే అందం, ఒళ్ళే అంతస్తు. ఎండుపుల్లలాంటి పిల్లను వదిలిపోతే మూడు నెలల్లో పెళ్ళికూతురంత నిండుగా చేసి పంపేది. పాలు తాగనని మొరాయిస్తే కాలివేళ్ళ మధ్య రెండు పుల్లలు పెట్టి నొక్కేది. నొప్పికి పిల్ల నోరు తెరిచేది, గిన్నె ఖాళీ అయ్యేది. కక్కుకుంటే మళ్ళీ పట్టేది. తెక్బర్ చెయ్యి మంచిదని ఊరూరా పేరు.

సొంత కూతురు సెలెమ్హాకూ ఏడో ఏటే ఆ చెయ్యి తగిలింది.

ఇప్పుడు సెలెమ్హాకు ముప్పై మూడు. నౌక్‌షోత్ పట్నంలో కాపురం. షుగరు, మోకాళ్ళ నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఏడాదిగా సాయంత్రాలు స్టేడియం చుట్టూ నడుస్తోంది. సెలెమ్హా కూతురు మిన్నత్‌ను ఈ వానాకాలం తనతో తీసుకుపోవాలని తెక్బర్ ఆ ఇంటికొచ్చింది.

"ఏంటే, ఇలా చిక్కిపోయావు? మొగుడు కూడు పెట్టడం లేదనుకోరూ మనవాళ్ళు?"

"మొగుడు పెడతానే ఉన్నాడమ్మా. మోకాళ్ళే మోయలేమంటున్నాయి. ఒంట్లో కొవ్వు బొత్తిగా లేకపోయినా చేటే, గుండె మోయలేనంత ఉన్నా చేటేనంట. ఎంత చాలో ఒళ్ళే చెబుతుంది, విను అంది డాక్టరమ్మ." సెలెమ్హా నవ్వింది. "నా ఒళ్ళు చిన్నప్పుడే చెప్పింది. నువ్వే విననివ్వలేదు."

ఆ నవ్వు తెక్బర్‌కు ముల్లులా గుచ్చుకుంది.

"అప్పుడు మాకేం తెలుసే? మా అమ్మ నాకు పట్టింది, నేను నీకు పట్టాను. మిన్నత్‌ను పంపు తల్లీ. బలవంతం పెట్టను. దేవుడి మీద ఒట్టు."

రెండు రోజులు ఆలోచించి సెలెమ్హా సరేనంది.

ప్రయాణం రోజు పొద్దున ఆమె లోపల బట్టల మూట కడుతోంది. బయట చాప మీద తెక్బర్ మనవరాలికి పాలిచ్చింది. మిన్నత్ సగం తాగి గిన్నె దించింది.

"చాలమ్మమ్మా."

"ఇంకొక్క గుక్క, నా బంగారం."

"కడుపు నిండిపోయింది!"

"ఒక్కటే..."

మిన్నత్ కిలకిలా నవ్వింది. "కాలు వదులమ్మమ్మా, చక్కిలిగింతలు!"

తెక్బర్ కిందికి చూసుకుంది. తన చేతి బొటనవేలు పిల్ల కాలివేళ్ళ మధ్యకు ఎప్పుడు దూరిందో ఆమెకే తెలియదు. నిప్పు తాకినట్టు చెయ్యి లాక్కుంది. పిల్ల లేచి ఆడుకోవడానికి పోయింది.

సెలెమ్హా మూట పట్టుకుని వచ్చింది.

"విప్పెయ్యవే. పిల్లను పంపకు."

"అదేంటమ్మా? ఒట్టేశావుగా?"

"ఒట్టేసింది నోరు. చెయ్యి వెయ్యలేదు."

సెలెమ్హాకు అర్థమైంది. గోడ ఆసరాతో, మోకాలు పట్టుకుని మెల్లగా తల్లి పక్కన కూలబడింది.

"ఈ మాట నా చిన్నప్పుడే అనుంటే..." అంది.

తెక్బర్ ఒక్కతే కీఫా బండెక్కింది.