విన్నట్టు సంతకం

నా భార్య నిర్మల మాట ఈ ఇంట్లో ఎవరూ వినలేదు. ఇరవై మూడేళ్లు వినలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. మా అమ్మ వినలేదు, నేను వినలేదు. ఆమె పనిచేసే బడిలో హెడ్మాస్టరు వినలేదు. మా అమ్మాయి మానస అప్పట్లో చిన్నది కాబట్టి దాని సంగతి వదిలేస్తున్నాను. మిగిలిన ఎవరినీ వదలను. నన్ను అసలే వదలను.

నేను సాగర్ కుడి కాలువ మీద లస్కరుని. తూములెత్తడం, దించడం, ఎవరి వంతు నీళ్లు వాళ్లకి పోతున్నాయో లేదో చూడడం నా పని. ఊళ్లోనే పదో తరగతి దాకా చదివాను. మాచర్ల చుట్టుపక్కల రైతుల్లో నాకొక పేరుంది. బాలశౌరన్న ఓపికగా వింటాడు అంటారు. కాలువ చివరి రైతు వచ్చి పైవాడు గండి కొట్టాడని తిడితే గట్టు మీద గంటసేపు కూర్చుని వినేవాడిని. వాడి తాత నాటి తగాదా కూడా వినేవాడిని. ఇంటికొచ్చి చెప్పులు విడిచేసరికి ఆ ఓపిక అయిపోయేది. అయిపోయేది అని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజానికి దాన్ని ఇంట్లోకి తీసుకురావాలని నాకెప్పుడూ తోచలేదు.

నిర్మల ఎలిమెంటరీ స్కూలు టీచరు. నాలుగున్నరకి లేచేది. మా అమ్మకి షుగరు, ఆమెకి వేరే వంట. నాకు కారం లేకపోతే ముద్ద దిగదు, నాకు వేరే వంట. ఆమె ఏం తినేదో నాకు తెలియదు, నేనెప్పుడూ చూడలేదు. తొమ్మిది కిలోమీటర్లు ఆటోలో పోయి, పాఠాలతో పాటు గుడ్లు పంచడం, మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించడం చేసేది. ఆ బడిలో ముగ్గురు మగ టీచర్లున్నారు. మరుగుదొడ్ల ఫోన్ మాత్రం ఎప్పుడూ నిర్మల చేతిలోనే ఉండేది. సాయంత్రం వచ్చేసరికి అంట్ల గిన్నెలు ఆమె కోసం కాసుకుని ఉండేవి. "పొద్దస్తమానం కుర్చీలో కూకుని పిల్లల చేత అఆలు పలికించటమేగా, ఇంట్లో రెండు గిన్నెలు తోమితే అరిగిపోతావా?" అనేది మా అమ్మ ఇన్నాసమ్మ. నేను పేపరు చదువుతూ ఉండేవాడిని.

ఆమెకు పదకొండేళ్లప్పుడు, గురజాల దగ్గర వాళ్ల ఊళ్లో, పార్టీ గొడవల్లో వాళ్ల నాన్నను చంపారు. ఆమె చూసింది. ఇది మాకు పెళ్లికి ముందే తెలుసు. తెలుసు అంటే, సంబంధం తెచ్చినాయన చెప్పాడు, మేం తలూపాం, కాఫీలు తాగాం. పెళ్లైన వారానికి మా అమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. "చూడమ్మా, అయ్యన్నీ గడప అవతలే ఒదిలిపెట్టు. ఈ ఇంట్లో చావు మాటలొద్దు." నిర్మల సరేనంది. ఆ తర్వాత ఎత్తలేదు. ఒక్క టపాసులు కాల్చినప్పుడు మాత్రం ఆమెను పట్టలేకపోయేవాళ్లం. మొన్నటి ఓట్ల లెక్కింపు రోజు బజారంతా టపాసులు. ఇంటికి నలుగురు మనుషులొచ్చి ఉన్నారు. నిర్మల బీరువాకీ గోడకీ మధ్య సందులో కూర్చుని చెవులు మూసుకుంది. "ఇంత పెద్ద టీచరమ్మ, టపాసులకి ఎట్లా బెదురుద్దో చూడండ్రా" అని నేను నవ్వాను. వాళ్లూ నవ్వారు. ఆమె కాసేపటికి లేచి వచ్చి అందరికీ టీ ఇచ్చింది.

రెండేళ్ల కిందట ఆమె ఒక చదువులో చేరింది. నరసరావుపేటలో ఒక కాలేజీ వాళ్లది, పీజీ కోర్సు. మనసుకి దెబ్బ తగిలిన పిల్లలతో ఎలా మెలగాలో టీచర్లకీ సోషల్ వర్కర్లకీ నేర్పుతారు. దాన్ని ట్రామా అంటారని ఆమే చెప్పింది. రెండో శనివారం, ఆదివారం క్లాసులు. వెళ్లేముందు రెండు రోజుల వంట చేసి, ఏది ముందు వేడి చేసుకోవాలో చీటీ రాసి ఫ్రిజ్ మీద పెట్టేది. మా అమ్మకి మండింది. "నలభై ఆరేళ్లకి చదువేందే? ఆదివారం చర్చిలో పూజ ఎగ్గొట్టి బస్సెక్కితే దేవుడు మెచ్చుతాడా?" నేనూ ఒక మాట అన్నాను. "చేతిలో ఉద్యోగం ఉందిగా, ఇంకా దేనికి?" ఆమె చెప్పులేసుకుంటూ, "నాకోసం కాదండీ, పిల్లల కోసం" అంది. అబద్ధం చెప్పిందని ఇప్పుడు తెలుసు. ఈ ఇంట్లో నాకోసం అని చెప్పి బస్సెక్కే దారి లేదు.

ఒకరోజు ఆమె క్లాసులో రెండో తరగతి పిల్ల బెంచీ కిందకి దూరి బయటికి రానందట. ఆ పిల్ల ఇంట్లో ఏదో జరిగింది. నిర్మల ఆ పిల్లను లాగలేదు, కేకలెయ్యలేదు. తనూ నేల మీద కూర్చుని, బెంచీ పక్కన పుస్తకాలకి అట్టలేస్తూ గంటసేపు ఉంది. హెడ్మాస్టరు గోపీనాథ్ గుమ్మంలో నిలబడి, "ఏం మేడం, మీరు కూడా రెండో తరగతిలో చేరారా? టీసీ తెచ్చుకున్నారా?" అన్నాడు. స్టాఫంతా నవ్వారు. ఆ పిల్ల ఆఖరికి బయటికొచ్చి నిర్మల ఒడిలో నిద్రపోయింది. ఇదంతా ఆమె ఆ రాత్రి నాకు అన్నం పెడుతూ చెప్పింది. "ఆయనన్న దాంట్లో తప్పేముందే?" అన్నాను. "ఏం లేదులెండి" అని మజ్జిగ గిన్నె నా వైపు జరిపింది.

ఆ కోర్సులో ఆఖర్న ఒక పని ఉంది. ఇంట్లో మనిషిని ఒకరిని ఎంచుకుని, పదిసార్లు, ఒక్కోసారి అరగంట కూర్చోవాలి. చదివేవాళ్లు తమ సంగతి చెప్పాలి. ఎదుటివాళ్లు వినాలి. మధ్యలో మాట్లాడకూడదు, సలహా చెప్పకూడదు. అయిపోయాక, తమకేం వినపడిందో తమ మాటల్లో చెప్పి ఒక్క ప్రశ్న అడగాలి. ఎవరైనా తమను వింటే ఎలా ఉంటుందో తెలియనివాళ్లు పిల్లల్ని వినలేరని దాని ఉద్దేశం. ప్రతిసారికీ ఒక కాగితం. పైన చెప్పినవాళ్లు రాయాలి, కింద విన్నవాళ్లు రాయాలి, లేదా వాళ్లు చెబితే రాసుకోవచ్చు. అడుగున విన్నవాళ్ల సంతకం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె వసారాలోకి కుర్చీ తెచ్చుకుని నా ఎదురుగా వేసుకుంది.

"ఏమండీ, ఒక్క అరగంట కూర్చోండి. నేను మాట్లాడతాను, మీరు వినాలి. అంతే."

"రోజూ ఇంటానే ఉన్నాగా."

"మధ్యలో మాట్లాడకూడదు."

మంచం మీద నుంచి మా అమ్మ అందుకుంది. "మొగుణ్ణి నోరు మూసుకుని కూకోబెట్టే చదువు కూడా వచ్చిందా తల్లీ!"

నేను నవ్వాను. నిర్మల నవ్వలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది. తర్వాత, "మా నాన్న ఆ రోజు నీలం గళ్ల లుంగీ కట్టుకున్నాడు" అంది. నా ఫోన్ మోగింది. చివరి భూముల రైతు. షట్టరు దగ్గర గొడవ. నేను లేచి ముంగిట్లోకి పోయి నలభై నిమిషాలు మాట్లాడాను. వాడు చెప్పిందంతా విన్నాను. తిరిగి వచ్చేసరికి ఆమె ఆ కుర్చీలోనే ఉంది, చేతులు అలాగే ఒళ్లో ఉన్నాయి. "అన్నం పెట్టు, పోవాలి" అన్నాను.

వారం తర్వాత మళ్లీ వచ్చింది, కాగితాలతో. "ఈ కాగితాలన్నీ పూర్తి చెయ్యాలండీ."

"ఇటియ్యి. పదీ ఇటియ్యి."

"వినకుండా సంతకం పెడితే తెలిసిందంటే కోర్సే కొట్టేస్తారంట."

"ఎవడు చూడొచ్చాడే? పదిసార్లు ఇన్నాననుకో, పో."

మోకాలి మీద పెట్టుకుని పది సంతకాలూ పెట్టాను. ఆమె కాగితాలు అంచులు సరిచేసి ఫైలులో పెట్టుకుంది. వంటింట్లోకి పోయి చింతపండు నానేసింది. ఏడవలేదు, అలగలేదు. ఏడ్చి ఉంటే నాకు గుర్తుండేదేమో. ఆ తర్వాత క్లాసు లేని ఆదివారాల్లో, మా కునుకు వేళ, పెరటి మెట్ల మీద కూర్చుని రాసుకుంటూ ఉండేది. ఏందే రాస్తన్నావని ఒకసారి అడిగాను. హోంవర్కండీ అంది. అంతకు మించి అడగలేదు.

నవంబరులో బడిలో ప్రార్థన జరుగుతుండగా పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. గుంటూరు చేరేలోపే పోయింది. అప్పటికి వారం ముందే ఫైలు కాలేజీలో ఇచ్చిందట.

జనవరిలో సర్టిఫికెట్లు ఇస్తున్నాం రమ్మని ఫోన్ వచ్చింది. మానసా నేనూ వెళ్లాం. మానస గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. హాలులో అరవై మంది దాకా ఉన్నారు, అందరూ టీచర్లు, సోషల్ వర్కర్లు. నిర్మల ఫొటోకి బంతిపూల దండ వేశారు. ఆ కోర్సు నడిపే హిమజ మేడం మాట్లాడింది. నిర్మల కాగితాల్లో నాలుగోది చదువుతానని, మానస ఒప్పుకుందని చెప్పింది. నన్నెవరూ అడగలేదు. అడగక్కర్లేదు కూడా.

"మా నాన్న ఆ రోజు నీలం గళ్ల లుంగీ కట్టుకున్నాడు," అని చదివింది ఆమె. "మధ్యాహ్నం పత్తి చేలో నుంచి వస్తున్నాడు. నేను అన్నం తీసుకుని ఎదురెళ్లాను. వాళ్లు ఎనిమిది మంది. అందులో నలుగురిని నేను మామయ్యా అని పిలిచేదాన్ని. ఒకాయన నాతో, నువ్వు పక్కకి పోమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఏడాదికి ఊళ్లో రాజీ కుదిరింది. మా సొంత మేనమామ నన్ను వారం రోజులు కూర్చోబెట్టి నేర్పాడు. కోర్టులో ఎవరు ఎలా అడిగినా, నేను ఇంట్లో నిద్రపోతున్నాను అని చెప్పాలి. చెప్పాను. బయటికొచ్చాక గోలీసోడా కొనిచ్చాడు. ఎంత బాగా చెప్పావే అన్నాడు. ఆ తర్వాత నా మాట ఎవరైనా నమ్మితే నాకు భయం వేసేది. నమ్మకపోతే కోపం వచ్చేది. అసలు ఎవరూ అడగకపోతే ఆ రెండూ ఉండవు. అత్తగారింట్లో ఎవరూ అడగలేదు. మొదట్లో అది హాయిగా ఉండేది. కొన్నేళ్లకి తెలిసింది, నేను ఇక్కడ కూడా ఇంట్లో నిద్రపోతున్నాననే చెబుతున్నానని. వంట చేస్తూ చెబుతున్నాను, గిన్నెలు తోముతూ చెబుతున్నాను. ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను."

హిమజ మేడం ఆగి కాగితం తిప్పింది. "ఇప్పుడు విన్నవారి భాగం. నా భర్త చెప్పగా రాసినది, అని రాసింది నిర్మల."

"నాకు ఇనపడింది ఇదే. పిల్ల కళ్లెదటే తండ్రిని చంపారు. మళ్లీ ఆ పిల్ల చేతే అబద్ధం ఆడిచ్చారు. మొన్న ఓట్ల లెక్క రోజు నువ్వు బీరువా చాటున కూకుంటే నేను నవ్వా. నలుగుర్లో నవ్వా. అది నేను చెయ్యాల్సిన పని కాదు. ఒక్కటి అడుగుతా, చెప్పబుద్ది కాకపోతే చెప్పమాకు. నిన్ను పక్కకి పొమ్మన్నాడుగా. యాడికి పోయావే?"

దాని కింద నిర్మల ఒక్క ముక్క రాసింది. "ఈ మాట నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. పత్తి మొక్కల మధ్య కూర్చున్నాను. అన్నం గిన్నె ఒలకకుండా పట్టుకుని కూర్చున్నాను."

హాలులో కొందరు కళ్లు తుడుచుకున్నారు. మానస నా చెయ్యి పట్టుకుంది. నేను ఫొటో వైపు చూడలేదు. ఆ యాస నాది. చెప్పమాకు అనేది నేనే, యాడికి అనేది నేనే. ఇరవై మూడేళ్లు నా నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా ఆమె విని పెట్టుకుంది. విని, అందులోంచి నేను కాని ఒక మనిషిని చేసుకుంది. పెరటి మెట్ల మీద కూర్చుని అతని చేత అడిగించుకుంది, తనే జవాబు చెప్పుకుంది. ఇంట్లో నేను నిద్రపోతున్నాను.

"ఇలా వినే భర్త ఉండడం నిర్మల అదృష్టం," అంది హిమజ మేడం. "వచ్చే బ్యాచ్‌కి ఈ కాగితం పాఠంగా చెబుతాం. బాలశౌరిగారూ, రండి." శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

నిజం చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమే చెప్పింది, కోర్సే కొట్టేస్తారని. సర్టిఫికెట్ బల్ల మీద ఉంది, నిర్మల పేరు పెద్ద అక్షరాల్లో. ఆమె ఈ లోకంలో తనకోసం తెచ్చుకున్నది అదొక్కటే. నేను నోరు విప్పితే నా గుండె బరువు తగ్గుతుంది, ఆమె కాగితం చిరుగుతుంది. బతికుండగా అన్నీ ఆ లెక్కనే జరిగాయి. ఇదొక్కటీ జరగనివ్వదలుచుకోలేదు. "నిర్మల బాగా చదువుకుంది" అని చెప్పి వచ్చి కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు నేను తల దించుకుంటే అది కూడా వినయమనుకున్నారు.

బస్సులో మానస అడిగింది. "నాన్నా, మీరిద్దరూ ఎప్పుడు కూర్చున్నారు? నేను ఇంటికొచ్చినప్పుడు ఒక్కసారైనా చూడలేదే. అమ్మ ఇంకా ఏం చెప్పింది? నాకు చెప్పవా?"

"కాలేజీ వాళ్లు ఆ కాగితాలు నీకిచ్చారుగా. చదువుకో."

"నీ నోటితో చెప్పు నాన్నా."

నేను కిటికీ వైపు తిరిగాను. ఇంటికి రాగానే మా అమ్మ శాలువా పట్టి చూసింది. "చదివింది అదైతే, శాలువా నీకెందుకురా కప్పారు?" అంది. మా అమ్మ జీవితంలో అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. నేను శాలువా మడిచి బీరువాలో పెట్టాను.

మిగతా తొమ్మిది కాగితాలూ మానస దగ్గర ఉన్నాయి. నేను చదవలేదు, చదవను. అందులో నిర్మల తన మనిషితో మాట్లాడుకుంది. అది వాళ్లిద్దరి మధ్య మాట. కూర్చోమంటే కూర్చోనివాడికి ఇప్పుడు చాటుగా వినే హక్కు లేదు. మనుషుల పేర్లు మార్చి ఇది రాశాను, ఆమె సర్టిఫికెట్ జోలికి ఎవరూ రాకుండా. రాయడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. మానస మళ్లీ అడుగుతుంది. చర్చిలో ఫాదరు అడుగుతాడు. కాలువ గట్టు మీద రైతులు అడుగుతారు. ఎవరడిగినా ఈ సంగతి నేను ఇక ఎత్తను.