చైనా వాస్తు బోర్డు

మా ఆయన పిచ్చేశ్వరరావుగారిది పెదపారుపూడి. తోటివాళ్లంతా ఇంజనీరింగుకి పరిగెడితే, ఈయన ఢిల్లీ వెళ్లి చైనా భాష నేర్చుకుని, ముప్ఫై ఐదేళ్లు చైనా తత్వం పాఠాలు చెప్పారు. పేరుకి తగ్గ నడత ఉండాలని అక్కడి పెద్దలు చెప్పిన మాట మీదే మూడు పుస్తకాలు రాశారు. ఎంతమంది చదివారో నన్నడక్కండి. నేనైతే చదవలేదు.

రిటైరై బందరు వచ్చాక, ఆదివారాలు ఉచితంగా 'చైనా తత్వం' పాఠం చెబుతానని గేటుకి నల్లబోర్డు కట్టి సుద్దతో రాశారు. ఇరవై కుర్చీలు కొన్నారు. మూడు ఆదివారాలు ఈగ కూడా వాలలేదు.

"ఈ వారం కూడా ఎవరూ రాకపోతే నా పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి తూకానికి ఇచ్చేస్తాను రత్నం," అన్నారు.

పస్తులుండి కొనుక్కున్న పుస్తకాలవి. శనివారం సాయంత్రం ఆయన చూడకుండా బోర్డు మీద 'తత్వం' చెరిపి 'వాస్తు' అని రాశాను.

మర్నాడు పదింటికల్లా కుర్చీలు నిండిపోయాయి! అందరి చేతుల్లోనూ ఇంటి ప్లాన్లే. గుడివాడ నుంచి వచ్చినాయన నవ్వే బుద్ధుణ్ణి ఏ మూల పెట్టాలని అడిగాడు. మా ఆయన ఒక్కసారి నా వైపు చూశారు. నేను తలుపు చాటుకి తప్పుకున్నాను.

"క్షమించండి. నాకు వాస్తు రాదండీ. బోర్డు మీద తప్పు రాశాం," అన్నారు. మా ఆవిడ రాసిందనలేదు, మహానుభావుడు.

అందరూ గొణుక్కుంటూ వెళ్లిపోయారు. దివిసీమ నుంచి వచ్చిన నూకరాజు ఒక్కడే కదల్లేదు. సముద్రం మీద వేటకెళ్లే మనిషి, ఇల్లు కట్టుకుంటున్నాడట.

"నా బస్సు రెండింటికండీ. ఈలోగా మీకొచ్చిందేదో చెప్పండి," అన్నాడు.

పేరూ నడతా గురించి ఆయన చెప్పుకొచ్చారు. "నిజమేనండీ. మా ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ అని బోర్డుంటది. ఐసు మాత్రం ఉండదు," అన్నాడు నూకరాజు. మా ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో! నూకరాజు నాలుగింటి బస్సెక్కాడు.

అతను వెళ్లగానే ఆయన బోర్డు తుడిచి మళ్లీ 'తత్వం' అని రాశారు.

"ఇంకెవరూ రారండీ," అన్నాను.

"రాకపోతే మానె. ఉన్నదే కదా రాయాలి."

తర్వాతి ఆదివారం తన కుర్చీకి ఎదురుగా ఒకటే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పదిన్నర దాటింది. పాత పేపర్లవాడి కేక వినబడితే వెళ్లి పుస్తకాల గది తలుపు మూసొచ్చాను. పదకొండుకి గేటు చప్పుడైంది. నూకరాజు! వెనకాల అతని భార్య వెంకాయమ్మ.

"ఆ పేరూ నడతా సంగతి నేను చెబితే ఇది నమ్మట్లేదండీ. తమరే చెప్పండి," అన్నాడు.

వెంకాయమ్మకి కుర్చీ తెచ్చాను. తర్వాత ఇంకోటి తెచ్చుకుని ఆవిడ పక్కనే కూర్చున్నాను. ముప్ఫై ఐదేళ్లలో మా ఆయన పాఠం వినడం నాకదే మొదటిసారి.